నీలం కుందేలు ఊరు

అమ్మ అమెరికా వచ్చి నెల దాటింది. మాల్స్ అంటే అప్పటికే మొహం మొత్తింది. "పొలాలున్న చోటికెక్కడికైనా తీసుకెళ్ళరా" అంది. ఓ శనివారం పొద్దున్నే ఒమాహాలో బయల్దేరాం. సూ సిటీ దాటి హైవే 75 ఎక్కాక రెండు పక్కలా మొక్కజొన్నే. ఒకచోట పశువుల వాసన గుప్పుమంది. నేను ముక్కు మూసుకుంటే అమ్మ కారు అద్దం దించింది.

లె మార్స్ అయోవాలో పదివేల పైచిలుకు జనం ఉన్న ఊరు. 1869లో రైలెక్కి చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారట. 1994లో అయోవా శాసనసభ దీన్ని 'ప్రపంచ ఐస్‌క్రీమ్ రాజధాని'గా ప్రకటించింది. అందుకేనేమో, వీధుల్లో ఎక్కడ చూసినా రంగులేసిన కోన్ బొమ్మలే.

మేం వెళ్ళింది బ్లూ బన్నీ అనే ఐస్‌క్రీమ్ కంపెనీ వాళ్ళ పార్లర్‌కి. వాళ్ళ కథ 1913లో మొదలైంది. ఫ్రెడ్ వెల్స్ అనే ఆయన ఓ పాడి రైతు దగ్గర గుర్రం, పాలబండి, కొన్ని క్యాన్లు, జాడీలు కొన్నాడు. వ్యాపారానికున్న మంచిపేరుతో సహా మొత్తం 250 డాలర్లు. మంచిపేరు కొనడమేంటో అమ్మకి ఎలా చెప్పాలా అని నేను తడబడుతుంటే, "వాడికలు కూడా కొన్నాడన్నమాట" అని తేల్చేసింది. ఊళ్ళో ఇరవై ఏళ్ళు పాలు పోసిన మనిషి మరి.

తర్వాతది అమ్మకి అస్సలు మింగుడుపడలేదు. 1928లో వెల్స్ అన్నదమ్ములు ఐస్‌క్రీమ్ వ్యాపారాన్ని వేరే కంపెనీకి అమ్మేశారు, దాంతోపాటు ఆ సరుకు మీద తమ ఇంటిపేరు వాడుకునే హక్కు కూడా. 1935లో మళ్ళీ మొదలెడదామంటే సొంత పేరు పెట్టుకునే వీల్లేదు. దాంతో సూ సిటీ పేపర్లో పేరు చెప్పమని పోటీ పెట్టారు. ఈస్టర్‌కి ఓ షాపు కిటికీలో పెట్టిన నీలం కుందేళ్ళంటే తన కొడుక్కి భలే ఇష్టమని ఒకాయన 'బ్లూ బన్నీ' అని రాసి పంపాడు. బహుమతి 25 డాలర్లు.

నేను బటర్ పీకన్ తీసుకున్నాను. అమ్మ వెనీలా చాలంది. మొదటి స్పూను నాలుక మీద కాసేపు ఉంచి, "వెన్న ఎంత?" అని అడిగింది. పాలకేంద్రంలో వెన్న శాతం చూసే కదా డబ్బులిచ్చేది! ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే ఇక్కడ కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలని రూల్ అని చెప్పాను. తలూపింది. "ఆవు పాలు కదా, అందుకే మీగడ చేర్చాల్సొచ్చింది. మన గేదె పాలైతేనా..." అని లెక్కలు మొదలెట్టింది. ఈలోగా నా కోన్ కరిగి మోచేతిదాకా కారింది.

తిరుగు దారిలో నిద్రపోయిందనుకున్నాను. సూ సిటీ దగ్గర కళ్ళు తెరవకుండానే అడిగింది: "ఒరే, ఆ పాతికలో పిల్లాడికేమైనా ఇచ్చుంటాడంటావా?"