ఏడాదికి పైగా ఇండియాలో ఉండి గ్రీన్‌కార్డుతో తిరిగి రావడం: నా అనుభవం

న్యూజెర్సీలో మా వయసు తెలుగువారు నలుగురు కలిస్తే, అది బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదాల వరుస అయినా, ఎడిసన్‌లో పార్కు బెంచీ అయినా, గ్రీన్‌కార్డు ప్రస్తావన రాక మానదు. పిల్లలు ఇక్కడ పౌరసత్వం తీసుకుని మాకు కార్డులు ఇప్పించారు గానీ, ఇల్లూ పొలమూ పెన్షనూ వయసు మళ్లిన తల్లిదండ్రులూ అక్కడే ఉన్నందువల్ల మాలో చాలామంది ఏడాదిలో సగం ఇక్కడా సగం అక్కడా గడుపుతుంటాం. "ఆరు నెలలకోసారి వచ్చి మొహం చూపించి వెళితే చాలండీ, కార్డు ఎక్కడికీ పోదు" అని ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం. తెనాలిలో మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడంతో, నేను అక్కడ ఏడాదికి పైగానే ఉండవలసి వస్తుందని తేలింది. అప్పుడు ఆ మాటను నమ్ముకుని విమానం ఎక్కడానికి మనసొప్పక ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును కలిశాను.

ఆమె చెప్పిన లెక్కలు సూటిగానే ఉన్నాయి. ప్రయాణం ఏడాదిలోపు ముగిస్తే తిరిగి రావడానికి కార్డు ఒక్కటే చాలు. ఏకబిగిన 180 రోజులకు మించి బయట ఉంటే చట్టం ఆ మనిషిని దేశంలోకి కొత్తగా ప్రవేశం కోరుతున్నవాడిగా పరిగణించవచ్చు కనుక ప్రశ్నలు ఎక్కువగా ఎదురవుతాయి. ఏడాది దాటితే ప్రయాణపత్రంగా కార్డు పనికిరాదు. అయితే ఈ రోజుల లెక్కలన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉందనీ, మన స్థిర నివాసం నిజంగా అమెరికాలోనే ఉందా అని అధికారి చూస్తాడనీ ఆమె నొక్కి చెప్పారు. ప్రతిసారీ ఆరు నెలలు నిండకముందే వచ్చేవారైనా, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చిపోతున్నారని అనిపిస్తే నివాసం వదులుకున్నట్టు భావించే అధికారం వాళ్లకుంది. మా గుడి వరుసలోని సలహాలో ఈ సంగతి ఎన్నడూ వినిపించలేదు.

నా వంటివారి కోసం ఉన్నది రీఎంట్రీ పర్మిట్, అంటే ఏడాది దాటి బయట ఉన్నా తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం. ఐ-131 ఫారం నింపి పంపాలి. నేను పంపేనాటికి రుసుము 630 డాలర్లు. మంజూరైతే జారీ అయిన తేదీ నుంచి రెండేళ్ల వరకు చెల్లుతుంది, ఆ గడువును పొడిగించరు. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఏమిటంటే, దరఖాస్తు చేసే సమయానికి మనిషి అమెరికా గడ్డ మీద ఉండి తీరాలి. ఇండియా వెళ్లాక అక్కడి నుంచి పంపుదామంటే కుదరదు. దరఖాస్తు అందాక వేలిముద్రలకు పిలుపు వస్తుంది, అవి ఇచ్చాక నిర్ణయం కోసం ఎదురుచూడకుండా వెళ్లిపోవచ్చు. 14 నుంచి 79 ఏళ్ల మధ్యవారికే వేలిముద్రల నియమం ఉంది కనుక, ఎనభై దాటిన పెద్దలకు ఆ తిరుగుడు తప్పుతుంది.

అమ్మకు ఆపరేషను జరిగిన రోజులలో చెల్లెలూ బావగారూ ఆస్పత్రిలో ఉండగా, నేను ఎడిసన్‌లో పోస్టు డబ్బా చూసుకుంటూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. ఫారం నింపిపెట్టిన మా అల్లుడు మాత్రం "మామయ్యగారూ, వేలిముద్రలు అయ్యేదాకా మీరు కదలకండి" అని పట్టుబట్టాడు. తీరా ఆ రోజు యంత్రం నా వేళ్లను గుర్తించలేదు. బ్యాంకు క్యాషియరుగా ఉద్యోగమంతా నోట్లు లెక్కపెట్టిన బొటనవేలి మీద గీతలు మిగలలేదు కాబోలు. అక్కడి ఉద్యోగిని తడిగుడ్డతో ఒక్కొక్క వేలూ తుడిచి, గాజు పలక మీద తానే అదిమి పట్టి, మళ్లీ మళ్లీ తీసి, చివరికి సరిపోయిందని తల ఊపింది. ఆ వారంలోనే బయలుదేరాను. పర్మిట్ అంటే పాస్‌పోర్టును పోలిన చిన్న పుస్తకం; అది తరువాత అమ్మాయి ఇంటికి పోస్టులో వస్తే, సెలవులకు వచ్చినప్పుడు తనే తెనాలికి తెచ్చి ఇచ్చింది. కావాలంటే విదేశంలోని అమెరికా కాన్సులేటుకు పంపమని ఫారంలోనే కోరవచ్చు.

పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఎక్కువకాలం బయట ఉన్నారన్న ఒక్క కారణంతో కార్డును ప్రశ్నించకుండా అది అడ్డుపడుతుంది. మిగిలిన రుజువులు మనమే నిలుపుకోవాలి. అమ్మాయి ఇంట్లో ఉండేవాళ్లం కనుక నా పేర అద్దె ఒప్పందం లేదు. అందువల్ల ఇక్కడి బ్యాంకు ఖాతానూ డ్రైవింగ్ లైసెన్సునూ వదలకుండా, తెనాలిలో ఉన్న ఏడు కూడా ఇండియా పెన్షనూ డిపాజిట్ల వడ్డీ చూపిస్తూ అమెరికాలో నివాసిగానే పన్ను రిటర్ను వేశాను. పన్ను తగ్గుతుందని నాన్‌రెసిడెంటుగా వేసేవారున్నారు. నివాసం వదులుకున్నామని మన సంతకంతో మనమే రాసిచ్చినంత పని అది.

అమ్మ వాకరు పట్టుకుని నడవసాగాక, ఆమె బాధ్యత చెల్లెలికి అప్పగించి బయలుదేరాను. శంషాబాదులో విమాన సంస్థ కౌంటరు దగ్గర పాత ముద్ర తేదీ చూసి ఆపారు. పర్మిట్ చూపించాక పై ఉద్యోగిని పిలిచి, పేజీలు తిప్పి, బోర్డింగ్ పాసు ఇచ్చారు. నెవార్కులో అధికారి నన్ను పక్క గదిలోకి పంపించాడు. ఇన్నాళ్లు ఎందుకున్నారు, ఇక్కడ ఎవరితో ఉంటారు, మళ్లీ ఎప్పుడు వెళతారు అని అడిగితే, అమ్మ డిశ్చార్జి కాగితాలూ పన్ను రిటర్నుల నకళ్లూ ముందుంచాను. ఒకవేళ కార్డు వదులుకుంటున్నట్టు ఐ-407 ఫారం ముందుపెడితే సంతకం పెట్టనవసరం లేదనీ, ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ముందు విచారణ కోరే హక్కు ఉందనీ లాయరు ముందే చెప్పి ఉంచారు గానీ, అంతవరకూ రాలేదు. పర్మిట్ లేకుండా ఏడాది దాటినవారైతే కాన్సులేటులో ఎస్‌బీ-1 వీసాకు (తిరిగి వచ్చే శాశ్వత నివాసులకు ఇచ్చేది) దరఖాస్తు చేసి, ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని రుజువు చేసుకోవాలి. అది దొరకడం తేలిక కాదు.

పర్మిట్ కాపాడలేనిది పౌరసత్వపు లెక్క. ఏడాది దాటిన గైర్హాజరుతో, పౌరసత్వానికి కావలసిన నా అయిదేళ్ల నిరంతర నివాసం తెగిపోయింది. తిరిగి వచ్చిన తేదీ నుంచి 4 ఏళ్ల 1 రోజు గడిస్తే దరఖాస్తు చేయవచ్చు గానీ, అప్పటికి దరఖాస్తుకు ముందటి అయిదేళ్లలో ఆరు నెలలకు మించిన గైర్హాజరు ఇంకా కనిపిస్తుంది కనుక దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. 4 ఏళ్ల 6 నెలలు దాటేదాకా ఆగితే ఆ బెడద ఉండదు. నేను అలాగే ఆగుతాను. మా ఆవిడ అత్తగారిని చూసి ఆరు నెలలలోపే తిరిగి వచ్చింది కాబట్టి ఆమె లెక్క చెదరలేదు. ఆమె దరఖాస్తు కాగితాలు అల్లుడు ఇప్పటికే తయారు చేస్తున్నాడు.