టేపు చెప్పిన పాఠం

మా గిద్దలూరు వైపు బోరు వెయ్యని రైతు లేడు, బోరు ఎండిపోని రైతూ లేడు. అలాంటి చోట పర్యావరణ పాఠం ఒకటి నిజంగానే తలకెక్కింది. 2000 తర్వాతి కరువుల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, భూగర్భ జలాల లెక్క రైతులే చూసుకునే పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెలు.

సబ్సిడీ పైసా లేదు. బోరు వెయ్యొద్దని అడ్డుపడే ఆఫీసరూ లేడు. ఇచ్చిందల్లా కొలిచే సామాను, దాన్ని వాడటం నేర్పే బడి. టేపును బోరులోకి దించితే, కొస నీళ్లకు తగలగానే పైన కుయ్‌మని మోగుతుంది. అక్కడ ఆపి, అంకె చూసి, మా నాయన నోటుపుస్తకంలో రాసేవాడు. పదిహేను రోజులకోసారి ఆ అంకెలు ఊళ్లో గోడకెక్కేవి. పక్క చేలో మోటారు ఆడితే తన బోరులో నీళ్లు దిగుతాయని అందరికీ అనుమానమే గాని, అంకెల్లో చూసింది అప్పుడే.

రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్ల బడ్జెట్ వేసేవాళ్లు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల పైచిలుకు. అందులో భూమిలోకి ఇంకిందెంత, ఎవరు ఏ పంట వేస్తారు, దానికెన్ని నీళ్లు? కూడి చూస్తే తరచూ లోటే తేలేది. వరికి 1200 మిల్లీమీటర్ల దాకా కావాలి, వేరుశనగ అందులో సగంతో గట్టెక్కుతుంది. "ఒరేయ్, తిండిగింజలకు అరెకరం వరి చాలు, మిగతాది వేరుశనగ వెయ్యి" అని మా పెద్దనాయన అందరి ముందూ అన్నాడు. అదే మాట ఆఫీసరు చెప్పుంటే నాయన విని ఊరుకునేవాడు. అన్న చెప్పాడు, పైగా గోడ మీద అంకె కళ్లముందుంది. వేరుశనగే వేశాడు.

చాలాచోట్ల నీటి వాడకం తగ్గిందని, అలాగని రైతు రాబడి పడిపోలేదని 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా రాసింది.

పథకం ముగిశాక మా ఊళ్లో టేపు మూలపడింది. బ్యాటరీ మార్చే దిక్కు లేదు, కొత్త కుర్రాళ్లకు నేర్పినవాళ్లూ లేరు. నాకు బాధంతా ఇక్కడే. పాఠం పనిచేసింది, దాన్ని సాగనిచ్చే ఏర్పాటే లేకపోయింది. ఊరివాళ్లే నీటి బడ్జెట్ వేసే పద్ధతిని 2019లో కేంద్రం అటల్ భూజల్ యోజన అనే భూగర్భ జలాల పథకంలో పెట్టింది. దానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు.

ఈసారి గ్రామసభలో ఈ సంగతి ఎత్తుతాను. అడిగేది ఒక టేపు, ఒక రెయిన్ గేజీ, పంచాయతీ గోడ మీద కాస్త చోటు. నేర్పడానికి నాయన ఇంకా ఓపిగ్గానే ఉన్నాడు.