మిల్స్ బ్రదర్స్‌లో అడుగు గొంతు

మా గుంటూరు చర్చి క్వయర్‌లో నాది బేస్, అంటే అన్నిటికంటే కింది గొంతు. అన్నిటికంటే పై గొంతు పాడే సొప్రానోవాళ్లు తప్పు పాడితే వీధి చివరిదాకా తెలుస్తుంది. మేం మానేస్తే మాత్రం "ఇవాళ పాట ఎందుకో పల్చగా ఉంది" అంటారు, అంతే. అందుకే ఏ పాట విన్నా నా చెవి ముందు అడుక్కే పోతుంది.

మిల్స్ బ్రదర్స్ అంటే కలిసి పాడిన నలుగురు అన్నదమ్ములు. వాళ్లది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, పిక్వా అనే చిన్న ఊరు. తండ్రి జాన్ మిల్స్‌కి క్షౌరశాల ఉండేది, పాడే పిచ్చీ ఉండేది. ఊళ్లో ఏదో పోటీకి వెళ్తే మూడో కొడుకు హ్యారీ, ఊదాల్సిన కజూ (గొంతుతో కూనిరాగం తీస్తే మోగే చిన్న బూర) ఇంట్లోనే మర్చిపోయాడట. నోటికి రెండు చేతులూ అడ్డంపెట్టి ట్రంపెట్ మోత మోగించాడట. కథలో మసాలా ఎంతో గానీ, తర్వాత ఇంట్లో వాటాలు పడ్డాయి: హ్యారీ, హెర్బర్ట్ ట్రంపెట్లు, డోనాల్డ్ ట్రాంబోన్, పెద్దవాడు జాన్ జూనియర్ ట్యూబా, అంటే అడుగు స్వరం పలికే పెద్ద ఇత్తడి బూర. అన్నీ గొంతులే!

1930లో న్యూయార్క్ చేరి సీబీఎస్ రేడియోలో పాడారు. 1931లో 'టైగర్ ర్యాగ్' రికార్డు మోత మోగింది. ఒక్క గిటార్ తప్ప ఏ వాయిద్యమూ వాడలేదని రికార్డుల మీద అచ్చేయాల్సి వచ్చింది, జనం నమ్మక. ఆ గిటార్ కూడా జాన్ జూనియర్‌దే. చేతుల్లో తీగలు, గొంతులో ట్యూబా. నాకు చప్పట్లు కొడుతూ బేస్ పాడితేనే లయ తప్పుతుంది.

1936లో పాతికేళ్లకే జాన్ జూనియర్ పోయాడు. గిటార్‌కి నార్మన్ బ్రౌన్‌ని తెచ్చుకున్నారు. ఆ అడుగు స్వరానికి మాత్రం యాభై దాటిన తండ్రే వచ్చి కొడుకుల పక్కన నిలబడ్డాడు. తండ్రి జాగాలోకి కొడుకు రావడం ఎక్కడైనా చూస్తాం. ఇది తిరగబడ్డ వారసత్వం. 1943లో అమెరికా హిట్ పాటల పట్టికలో 12 వారాలు మొదటి స్థానంలో నిలిచిన 'పేపర్ డాల్' వినండి. మొదట నింపాదిగా సాగి, మధ్యలో నడక అందుకుంటుంది. అక్కడ కింద ఉన్నది కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఏడుపు లేదు, తూకం తప్పదు.

1950ల రెండో సగంలో ఆయన తప్పుకున్నాక ముగ్గురే పాడారు. 1968లో 'క్యాబ్ డ్రైవర్' కూడా హిట్టే. అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు కింద ఖాళీగానే వినబడుతుంది. 1998లో గ్రామీ వాళ్లు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చేనాటికి మిగిలింది డోనాల్డ్ ఒక్కడే.