కళాయి పెట్టించిన రోజు

అమ్మమ్మ ఇత్తడి గిన్నెకు కళాయి పోయి ఏడాదైంది. చారు కాస్తే కిలుము దిగుతుందని అమ్మ దాన్ని అటకెక్కించింది. ఇవాళ పొద్దున వీధిలో కళాయి తాత కేక వినగానే దింపేశాను.

బొగ్గుల మీద గిన్నె కాలాక నవాసాగరం చల్లాడు. గుప్పున తెల్లటి పొగ. తగరం కడ్డీ అలా తాకించి గుడ్డతో చుట్టూ తిప్పేసరికి లోపలంతా వెండిలా అయిపోయింది.

"ఎన్నాళ్లుంటుంది తాతా?"

"గట్టిగా తోమకపోతే ఆర్నెల్లకి ఢోకా లేదమ్మా."

పూత సంగతి సరే, ఆ తగరం పరమాణు కేంద్రకం విడిపోకుండా ఎలా నిలబడుతోంది? రోజంతా అదే ఆలోచన. అందులో 50 ప్రోటాన్లు. అన్నీ ధనావేశాలే, ఒకదాన్నొకటి నెట్టుకునేవే. వాటిని పట్టి ఉంచే బలీయ బలం చాలా గట్టిది, కానీ దాని చెయ్యి పక్కవాడి దాకానే అందుతుంది. వికర్షణ అలా కాదు, ఈ చివరి ప్రోటాను ఆ చివరి దాన్ని కూడా నెడుతుంది. అందుకే న్యూట్రాన్లు కావాలి: అవి లాగుతాయే తప్ప నెట్టవు. కాల్షియంలో 20 ప్రోటాన్లకి 20 న్యూట్రాన్లు సరిపోతే, తగరంలో ఎక్కువగా దొరికే రకానికి 70 కావాలి. సీసం దాటాక ఎన్ని చేర్చినా పూర్తి స్థిరత్వం రాదు. పోనీ అని న్యూట్రాన్లు మితిమీరితే, వాటిలో ఒకటి ఎలక్ట్రానును వదిలి తానే ప్రోటానుగా మారిపోతుంది.

తగరానికి మరో బలముంది. స్థిరమైన ఐసోటోపులు, అంటే ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్ల లెక్క మాత్రం మారే రకాలు, దీనికి పది. ఇంకే మూలకానికీ అన్ని లేవు. పక్కనే ఉన్న యాంటిమొనీకి రెండే! కేంద్రకంలోనూ అరలుంటాయి, 50తో ఒక అర నిండిపోతుంది. ప్రోటాన్లో న్యూట్రాన్లో 2, 8, 20, 28, 50, 82, 126 అయిన దగ్గర ఈ గట్టిదనం ఎందుకొస్తుందో భౌతిక శాస్త్రవేత్త మరియా గెప్పర్ట్ మేయర్ తేల్చింది. చికాగో విశ్వవిద్యాలయంలో ఆమెకు జీతం కూడా ఇవ్వని రోజులవి. స్పిన్-ఆర్బిట్ బంధం (కణం తన చుట్టూ తాను తిరగడానికీ, కక్ష్యలో తిరగడానికీ ఉన్న లంకె) సంగతేమిటని తోటి భౌతిక శాస్త్రవేత్త ఫెర్మి అడిగిన ఒక్క ప్రశ్నతో ఆమెకు లెక్కంతా తెగిందట. జర్మనీలో యెన్సెన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా అదే తేల్చాడు. 1963 నోబెల్‌లో ఇద్దరికీ వాటా వచ్చింది. ఆ జీతం లేని ఏళ్లు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రాత్రి ఆ గిన్నెలోనే చారు. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి లెక్కేస్తే 112 నుంచి 124 దాకా ఉండే ఆ పది రకాలూ ఈ పల్చటి పూతలోనే ఉన్నాయి. అమ్మ చింతపండు పులుసు పోసేదాకా ఆ తెల్లటి అడుగునే చూస్తూ నిలబడ్డాను.