డాక్టర్ సారూ, మా మనవడొచ్చినాడా

"డాక్టర్ సారూ, మా మనవడొస్తే లోపలికి ఇడస్తారు కదా" అని నా చెయ్యి పట్టుకోని అడిగింది అవ్వ. మాస్కు, గ్లౌజులు, పైన ఆ షీల్డు, ఇంక నన్నెట్లా గుర్తుపడతాది. గొంతు విని ఒక్కోసారి పడతాది, ఈరోజు అదీ లేదు. సరే అవ్వా, ఇడస్తాంలే అన్నా.

"వాడు నన్ను అలిపిరి నుంచి కొండకు నడిపిచ్చుకోని పోతాడు సార్, 3550 మెట్లూ ఎక్కేస్తా" అనింది. కరోనాకి మార్చి 20 నుంచి దర్శనాలే ఆపేసినారని ఎట్లా చెప్పేది, చెప్పినా పది నిమిషాల్లో మర్చిపోతాది, మళ్ళా చెప్తే మళ్ళా కొత్తగా బాధపడతాది, అందుకే చెప్పలా.

ఒక్క నిమిషం మాస్కు కిందికి లాగుదామనిపిచ్చింది, చెయ్యి అక్కడిదాకా పొయ్యింది కూడా. పక్క బెడ్‌లో పెద్దాయన దగ్గుతా ఉంటే ఆగిపోయినా.

టైమైందని నర్సమ్మ పిలిస్తే లేచినా. "సార్, వానికి అన్నం పెట్టి పంపండి, పొద్దున్నించీ ఏం తినుండడు" అనింది అవ్వ వెనక నుంచి.

నిజంగానే ఏం తినలా.