అవ్వ చిప్పలో ఎర్రమన్ను

"ముట్టుకోవద్దే, ఇంకా తడి ఆరలా!" అని అవ్వ కేకేసేలోపే నా వేళ్లు ఎర్రగా అయిపోయాయి.

పొద్దున్నే తిరుపతిలో మా ఇంటి ముందు ముగ్గు చుట్టూ అంచు తీస్తోంది. కొబ్బరిచిప్పలో ఎర్రమన్ను, నీళ్లు. గుడ్డ ముంచి, వేళ్ల మధ్య పిండుతూ ఎక్కడా ఆగకుండా ఒకటే గీత.

ఆ చిప్ప చూడగానే దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహ గుర్తొచ్చింది. అక్కడ సముద్రపు చిప్పల్లో దొరికిన రంగుకి దాదాపు 1,00,000 ఏళ్లు. పరీక్షిస్తే ఎర్రమన్నుతో పాటు బొగ్గు, నలగ్గొట్టిన ఎముక బయటపడ్డాయి. ఎవరో ఓపిగ్గా కూర్చుని నూరి కలిపారు!

ఆ ఎరుపు హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. గుహ బొమ్మల్లో దాన్ని గుర్తుపట్టడానికి గోడ గీకక్కర్లేదు. లేజర్ వేస్తే చెదిరి వచ్చే కాంతిలోనే జాడ తెలుస్తుంది. కాంతి అలా చెదరడం మన సి.వి.రామన్ 1928లో కనిపెట్టిందే.

కానీ వయసు సంగతి వేరు. బొగ్గు గీతకైతే అందులోని కార్బన్‌తో వయసు కట్టొచ్చు. ఎర్రమన్నులో ఆ కార్బన్ ఉండదు, దాని గీతకి అలా వయసు కట్టలేం. నాకు అదే బాధ.

"ఈ మన్ను ఎక్కడిదవ్వా?" అని అడిగా.

"మా అమ్మోళ్ల ఊరి గుట్టది" అంది, తల ఎత్తకుండానే.

వేళ్లు ఇంకా కడుక్కోలేదు.