మూత మీదకి పాకిన వానపాములు

పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా బాల్కనీలోకి వెళ్ళి గోనెపట్టా ఎత్తేసరికి గుండె గుభేల్మంది. వానపాములన్నీ టబ్బు అంచులకీ, మూత లోపలివైపుకీ పాకేసి ఉన్నాయి, మూడైతే కిందపడి గచ్చు మీద ఎండిపోయాయి కూడా. వంటింటి చెత్తని ఎరువు చేసుకుందామని రెండేళ్ళ కింద ఈ టబ్బులో అరకిలో వానపాములతో మొదలుపెట్టా, ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర రకం, ఇప్పటిదాకా ఎప్పుడూ ఇలా పైకి రాలేదు.

చెయ్యి పెట్టి చూస్తే లోపల వెచ్చగా, పుల్లటి వాసన. కొంచెం కెలికితే మామిడికాయ జీళ్ళు! మొన్న ఆవకాయ పెట్టాం కదా, పాతిక కాయల జీళ్ళూ పొరలూ అన్నీ అత్తయ్య తెచ్చి ఇందులో వేసేశారట. "చెత్తబండికి ఇచ్చేకంటే వాటికి పెడితే తింటాయి కదా అనుకున్నానే" అన్నారు, ఆవిడ మొహం చూస్తే నాకే బాధేసింది. తప్పు నాదే, ఏది వెయ్యొచ్చో ఏది వెయ్యకూడదో ఇంట్లో వాళ్ళకి ఎప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు.

పచ్చి చెత్త ఒక్కసారే కుప్పగా పడితే కుళ్ళేటప్పుడు వేడెక్కుతుంది, దానికి తోడు పులుపు, ఆపైన బెజవాడ మే నెల ఎండ. 30 డిగ్రీలు దాటితేనే వీటికి ఇబ్బంది మొదలవుతుంది. పాపం వాటికి ఊపిరితిత్తులుండవు, చర్మంతోనే గాలి పీలుస్తాయి, అది తడారిపోయిందంటే ఊపిరి ఆగిపోయినట్టే.

న్యూస్‌పేపర్లు పరిచి టబ్బు మొత్తం బోర్లించా. అత్తయ్య కూడా కొంగు బిగించి పక్కన కూర్చున్నారు, రెండేళ్ళలో ఆవిడ వీటిని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. జీళ్ళు ఏరుతూ చెప్పారు, చిన్నప్పుడు వీటిని ఎర్రలనేవాళ్ళట, బావి దగ్గర కాలవ గట్టు తవ్వి వాళ్ళ నాన్నగారి గాలానికి ఈవిడే ఏరి ఇచ్చేవారట. ఇంతలో "ఇదేంటే, మెంతిగింజ కూడా పడిందా?" అని వేలి మీద పెట్టి చూపించారు. మెంతిగింజంతే ఉంది, పసుపు రంగులో, బుల్లి నిమ్మకాయలా రెండు కొసలూ మొన తేలి. అది గుడ్ల గూడు అత్తయ్యా, మూడు వారాలకి ఇందులోంచి దారప్పోగులంత పిల్లలు రెండు మూడు వస్తాయి అన్నాను. ఆవిడ ఊపిరి బిగబట్టి దాన్ని మళ్ళీ పాత ఎరువులో పెట్టి పైన చిటికెడు ఎరువు కప్పారు.

తర్వాత కొబ్బరిపొట్టు తడిపి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచి అడుగున వేశా. పులుపు విరగడానికి బాబు ఆమ్లెట్లకి వాడిన గుడ్ల పెంకుల పొడి చల్లా. పళ్ళు లేవు కదా, తిన్నది లోపల నూరుకోవడానికి కూడా ఆ గరుకు వాటికి అవసరమే. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒక మూలన పెట్టి, టబ్బు ఉత్తరం గోడ వైపు జరిపా, నాలుగు రోజులు తిండి మాత్రం ఏమీ వెయ్యను. ఎండిపోయిన మూడింటినీ కరివేపాకు కుండీలో పెట్టి మట్టి కప్పా.

రాత్రి పదింటికి టార్చ్ పట్టుకుని మళ్ళీ వెళ్ళా. మూత మీద ఒక్కటీ లేదు.

లోపల్నుంచి అత్తయ్య గొంతు, ఇంకా పడుకోలేదన్నమాట, "దిగాయా అమ్మాయ్?"

"దిగాయి అత్తయ్యా."